కుళాయి తిప్పి చూసే ఉద్యోగం

ప్రయాణాల గైడ్‌బుక్కులకు ఊరూరా తిరిగి సమాచారం సేకరించే బరంపురం రచయిత్రి ఒకరు ఈసారి మీ ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచీ, ఇటు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచీ ఉత్తరాలు వచ్చాయి. పెద్దవాటిని కుదించాం.

అక్కా, నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఊళ్లు తిరగడం, హోటళ్లలో తినడం, పైగా దానికి ఎదురు డబ్బులు! ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుందా? మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి.
— ఇచ్ఛాపురం నుంచి ఒక విద్యార్థిని

మా అమ్మ కూడా అలాగే అనుకునేది చెల్లీ. సరదాపడి ఒకసారి నాతో రాయగడ వచ్చింది, మధ్యాహ్నానికి లాడ్జిలో కాళ్లు చాపుకుని "నువ్వే తిరిగి రా, నేను టీవీ చూస్తా" అంది.

పొద్దున్న ఐదున్నరకి బస్టాండులో ఉంటాను. బస్సెక్కడానికి కాదు, బస్సుల్ని చూడ్డానికి. బోర్డు మీద రాసిన టైము ఒకటి, కిటికీ లోపలాయన చెప్పేది ఇంకొకటి, బస్సు పక్కన నిలబడి టీ తాగుతున్న కండక్టరు చెప్పేది మూడోది. మూడూ రాసుకుంటాను గానీ నమ్మేది కండక్టర్ని. మన వైపు కండక్టర్లలో తెలుగు, ఒడియా రెండూ గడగడా మాట్లాడేవాళ్లు చాలామంది, కాబట్టి ఆ మాత్రం సుఖం ఉంది. ఆయన్ని అడగాల్సింది ఎన్నింటికి బయల్దేరుతుందని కాదు, తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికని. కొండల్లో ఊళ్లకి సాయంత్రం పోయే బస్సు చాలాసార్లు రాత్రి అక్కడే ఆగిపోయి తెల్లారి బయల్దేరుతుంది. ఈ సంగతి తెలియనివాడు జలపాతం చూసి ఆరింటికి రోడ్డు మీదకొచ్చి నిలబడితే, అక్కడ లాడ్జీ ఉండదు, ఆటో ఉండదు, ఫోనులో సిగ్నలూ ఉండదు. అందుకే నాకు జలపాతం ఎత్తు కన్నా ఆఖరి బస్సు టైము ముఖ్యం.

ఎనిమిదింటి నుంచి లాడ్జిలు. జనం ఖాళీ చేసి వెళ్లే వేళ కదా, ఇంకా ఊడవని గది చూపిస్తారు, నాకు కావాల్సిందీ అదే. అన్నిటికన్నా చవక గది ఒకటి, ఖరీదైన గది ఒకటి చూపించమంటాను. కుళాయి తిప్పుతాను. వేడినీళ్లంటే గీజరా, బకెట్టు తెచ్చిస్తారా అని అడుగుతాను. పరుపు మీద కూర్చుంటాను. తర్వాత తలుపు లోపల గడియ పెట్టి, బయట నుంచి గట్టిగా తోయమని రూంబాయ్‌కి చెబుతాను. పాపం వాళ్లు నన్ను వింతగా చూస్తారు. గడియ ఊడి చేతికొచ్చిన గదులు ఉన్నాయి మరి! ఈ పరీక్ష మగ రిసెర్చర్లు చేయరని కాదు, వాళ్లకి గుర్తు రాదు. ఆ తర్వాత కిటికీ తెరిచి పక్కనేముందో చూస్తాను, కల్యాణ మండపం ఉంటే పెళ్లిళ్ల సీజన్లో ఆ గది ఎవరికీ పనికిరాదు. ఇవన్నీ వాళ్ల ముందే ఫోనులో కొట్టుకుంటే ఇన్‌కంటాక్స్ మనిషి వచ్చిందని ఓనరుకి కబురెళుతుంది, అందుకని మెట్ల మలుపులో ఆగి చిన్న నోటుబుక్కులో గీకేస్తాను. ఎవరని అడిగితే "మావాళ్లు వస్తున్నారు, గదులు చూస్తున్నా" అంటాను. అబద్ధమేం కాదులే, పాఠకులూ మనవాళ్లే.

మధ్యాహ్నం గుడులు మూసేస్తారు కాబట్టి ఆ టైము తిండికి. తిండి అంటే ఒకచోటే తింటాను, మిగతాచోట్ల గోడ మీద రేట్ల పట్టిక ఫోటో తీసుకుని, కూర్చున్నవాళ్ల పళ్లాల్లో ఏముందో ఓరగా చూసి, "భోజనంలో చేప కూడా వస్తుందా, వేరే చెప్పాలా" అని అడిగి బయటపడతాను. ఎండ కాస్త తగ్గాక వీధులు నడవడం. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని, మ్యాపులో ఉన్న ఏటీఎం నిజంగా ఉందా, పాత బస్టాండు నుంచి కొత్త బస్టాండుకి షేర్ ఆటో ఎక్కడ ఆగుతుంది, మ్యూజియానికి సెలవెప్పుడు, కెమెరాకి విడిగా టికెట్టు ఉందా, ఇలాంటివి. రాత్రి గదికొచ్చి అవన్నీ టైపు చేయాలి, ఎంత నిద్రొచ్చినా ఆ రాత్రే, ఎందుకంటే రెండు రోజులాగితే ఏ లాడ్జిలో గీజరు పనిచేయలేదో, ఏ లాడ్జిలో లిఫ్టు లేదో కలగాపులగం అయిపోతుంది. కరెంటు పోతే ఫోను వెలుగులో. ఉద్యోగం మంచిదే చెల్లీ, సుఖమైనది మాత్రం కాదు.

మీరు నిజంగా అన్ని చోట్లకీ వెళతారా? ఫోన్లో రివ్యూలు చూసి రాసేస్తే ఎవరికి తెలుస్తుంది?
— పలాస నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగి

అన్నిటికీ కాదు. ఫోను చేసి రేట్లు మాత్రం సరిచూసుకునే చోట్లు ఉంటాయి, దాన్ని మాలో డెస్క్ అప్‌డేట్ అంటారు, ఏది వెళ్లి చూడాలో ఏది ఫోనుతో సరిపెట్టొచ్చో పని అప్పగించేటప్పుడే చెబుతారు. తెలియదంటారా, తెలుస్తుంది. 2008లో ప్రపంచమంతా పేరున్న ఒక గైడ్‌బుక్ సంస్థకి రాసిన అమెరికన్ రచయిత ఒకాయన, కొలంబియా వెళ్లకుండానే ఆ దేశం పుస్తకంలో భాగం రాశానని బయటపెట్టుకుంటే పెద్ద దుమారమే లేచింది. ఆయనకి ఇచ్చింది చరిత్ర లాంటి భాగం, దానికి వెళ్లక్కర్లేదని సంస్థ సంజాయిషీ ఇచ్చుకుంది. నిజమే కావచ్చు, కానీ అప్పటి నుంచి ఈ పని చేసేవాళ్లందరినీ జనం అదే అనుమానంతో చూస్తారు, మీరు చూస్తున్నట్టే.

రివ్యూల సంగతి. రివ్యూ రాసేవాడు తను దిగిన గది గురించి రాస్తాడు, పక్క లాడ్జి చూడడు. "సూపర్ స్టే" అంటాడు, సరే, దేనికన్నా సూపర్? ఆ వీధిలో ఉన్నవన్నీ ఒకే మనిషి ఒకే పూట చూసి ఇది అది కన్నా నయం అనగలిగినప్పుడే ఆ మాటకి విలువ. ఇంకోటి, ఫోను "ఇప్పుడు తెరిచి ఉంది" అని చూపించే చోట తాళం వేసి ఉండటం మీరూ చూసే ఉంటారు.

మేడమ్, మా లాడ్జికి వచ్చినప్పుడు గది ఫ్రీగా ఇస్తామన్నాం, మీరు వద్దన్నారు. పోనీ పేరైనా వేశారా అంటే అదీ లేదు. పక్కవాళ్లది వేశారు. మా తప్పేంటి?
— గంజాం జిల్లా నుంచి ఒక లాడ్జి యజమాని

తప్పేం లేదండి, మీ గదులు శుభ్రంగానే ఉన్నాయి. ఫ్రీ గది తీసుకోకూడదని నా ఒప్పందంలో రాసుంది. రాయకపోయినా తీసుకోను, రాత్రి మీ ఇంటి భోజనం తిని పొద్దున్న మీ దోమల గురించి రాయడం నావల్ల కాదు.

పేరు వేయకపోవడానికి కారణం వేరు. ఆ పుస్తకం చదివేవాళ్లలో విదేశీయులు ఎక్కువ. విదేశీయుణ్ని దించుకుంటే లాడ్జివాళ్లు 24 గంటల్లోపు ఆ మనిషి వివరాలు ఆన్‌లైన్లో ప్రభుత్వానికి పంపాలి కదా, మీ కౌంటర్లో అడిగితే "ఆ గొడవ మాకెందుకు, ఫారినర్లకి గది ఇవ్వం" అన్నారు. చిన్న లాడ్జిలు చాలా ఇదే మాటంటాయి, వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. కానీ రాత్రి పదింటికి రైలు దిగి సంచి మోసుకుంటూ వచ్చిన మనిషిని మీ గుమ్మం దాకా పంపించి వెనక్కి తిప్పడం నాకిష్టం లేదు. పక్కవాళ్లు తీసుకుంటామన్నారు, అంతే తేడా. మీరూ ఆ రిజిస్ట్రేషన్ చేయించుకుని చెప్పండి, వచ్చేసారి చూస్తాను. గది అద్దె మాత్రం కట్టే దిగుతాను.

అమ్మా, నేను పర్లాకిమిడిలో రిటైరైన టీచర్ని. ఇంగ్లిష్ గైడ్‌బుక్కుల్లో మా ఊరి గురించి రెండు లైన్లు కూడా ఉండవు. ఉన్న రెండు లైన్లూ కొండజాతుల గురించే. ఇది న్యాయమా?
— పర్లాకిమిడి

న్యాయం కాదు మాస్టారూ. మీతో నేనూ గొడవ పడతాను, కాకపోతే నేను పడేది ఎడిటర్లతో.

అసలు సంగతి పేజీలది. పుస్తకం ఇన్ని పేజీలని ముందే లెక్క, ఒడిశాకి ఇచ్చిన పేజీల్లో భువనేశ్వర్, పూరీ, కోణార్క్ సింహభాగం తీసేసుకుంటాయి. దక్షిణ ఒడిశా అంతటికీ మిగిలిన దాంట్లో గోపాల్‌పూర్ బీచ్ ఉండాలి, చిలికా ఉండాలి, కోరాపుట్ వైపు సంతలు ఉండాలి. మీ గజపతి జిల్లాకి వచ్చేసరికి ఎడిటరు అడిగేది ఒక్కటే: పాఠకుడు అక్కడికెళ్లి ఏం చూస్తాడు? తలుపెక్కడ, ఎన్నింటికి తీస్తారు, టికెట్టెంత? వీటికి జవాబు లేని ఊరు ఎంత గొప్పదైనా గైడ్‌బుక్కులో చేరదు, చరిత్ర పుస్తకంలో చేరుతుంది.

గిడుగు రామమూర్తి గారినే తీసుకోండి. ఏటా ఆగస్టు 29న ఆయన పేరున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన పాఠాలు చెప్పింది మీ ఊళ్లో, సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసింది మీ ఊళ్లో ఉండి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరాక ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇంగ్లిష్ పుస్తకాల్లో సవరల ముక్కుపుడకల గురించి ఉంటుంది, ఆ భాషకి పుస్తకం రాసిన మనిషి గురించి ఉండదు. ఇది నాకు ఒళ్లుమండే విషయం. నా వంతుగా పేజీలో విడిగా బాక్సు కట్టి వేయమని ఆయన గురించి నాలుగు లైన్లు రాసి పంపాను, కోసేశారు. మళ్లీ పంపుతాను.

రైలుది ఇంకో కథ. నౌపడ నుంచి మీ ఊరికి చిన్న రైలు 1900లో నడిచింది, తర్వాత 1931లో గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడది బ్రాడ్‌గేజి. ఆ లైను కథని ఎక్కించడం నాకు తేలికైంది, ఎందుకంటే పాఠకుడు ఇవాళ్టికీ టికెట్టు కొని ఆ దారిన వెళ్లొచ్చు. అదీ తేడా. కాబట్టి మాస్టారూ, నన్ను తిట్టడంతో ఆగకుండా మీ ఊరి పెద్దలంతా కూర్చుని ఒక చిన్న గదైనా సరే, గిడుగువారి పుస్తకాలు, ఫోటోలు పెట్టి, తెరిచే వేళలు గుమ్మం మీద రాయించండి. ఎడిటరు నోరు నేను మూయిస్తాను.

మహేంద్రగిరి విషయం కూడా మీరు అడిగారు. 1,501 మీటర్ల కొండ, పైన పాండవుల పేర్లతో పాత గుళ్లు, నిజంగా వెళ్లదగ్గ చోటే. శివరాత్రికి జనం బాగా వెళతారు. మామూలు రోజుల్లో సొంత బండి లేకపోతే కష్టం, దాన్ని అలాగే రాశాను.

మా అబ్బాయి పుణె నుంచి ఫ్రెండ్స్‌తో వస్తున్నాడు, చాటికోన సంతకి తీసుకెళ్లమంటున్నాడు. ఫోటోలు తీసుకోవచ్చా? ఏం కొనాలి?
— రాయగడ నుంచి ఒక గృహిణి

బుధవారం వెళ్లండమ్మా. బిస్సంకటక్ దగ్గర చాటికోనకి నియమగిరి కొండల మీంచి డోంగ్రియా కోంధు గిరిజనులు దిగేది ఆ రోజే. గైడ్‌బుక్కులో వందసార్లు సరిచూసేది ఏదైనా ఉందంటే సంత వారమే, ఎందుకంటే అంత దూరం గురువారం వెళ్లినవాడికి ఖాళీ మైదానం కనిపిస్తుంది. (గురువారమైతే బోండా తెగవాళ్లు వచ్చే ఒనకడెల్లి సంత, అది కోరాపుట్ అవతల, మీకు దూరం.) పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కాక వాళ్లు కొండెక్కేస్తారు.

ఫోటో అడక్కుండా తీయొద్దు. అడిగితే వద్దన్నారా, ఫోను జేబులో పెట్టేయమనండి మీవాడిని. పిల్లల ముందు పదిరూపాయల నోటు ఊపి ఫోటో తీసుకునేవాళ్లని చూస్తే నాకు చేతులు దురద పెడతాయి. సంత దాటి ఊళ్లలోకి వెళ్లాలనుకుంటే అది వేరే విషయం. డోంగ్రియాలు, బోండాలు ఒడిశాలో ప్రభుత్వం గుర్తించిన 13 అతి బలహీన గిరిజన తెగల్లోని వాళ్లు, వాళ్ల గ్రామాల్లోకి పర్యాటకులు వెళ్లడం మీద ఆంక్షలున్నాయి. జిల్లా అధికారుల్ని అడక్కుండా ఏ గైడు తీసుకెళతానన్నా వెళ్లొద్దు.

కొనడానికైతే పసుపు, అల్లం, కాలాన్ని బట్టి అనాస, పనస. కపడాగండా అని సూదిపనితో వాళ్లే కుట్టుకునే శాలువా ఉంటుంది, త్రికోణాలు, గీతలు రంగు దారాలతో, దానికి 2024లో జీఐ, అంటే ఫలానా ప్రాంతానిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్కో శాలువాకి చాలా రోజులు పడుతుంది, కాబట్టి కూరగాయల బేరం ఆడినట్టు ఆడొద్దు. ఇంకో మాట: మీవాడి ఫ్రెండ్స్‌కి ఈ నియమగిరి కొండ సంగతి కూడా చెప్పమనండి. బాక్సైట్ తవ్వకం వద్దని 2013లో 12 గ్రామసభలూ తీర్మానం చేసిన కొండ ఇది. పాత గైడ్‌బుక్కుల్లో వీళ్ల గురించి "ఆదిమ" అన్న మాట ఉండేది. దాన్ని కొట్టేయడం నేను ఈ పనిలో చేసిన తృప్తికరమైన పనుల్లో ఒకటి.

గంజాం తీరాన రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి గుడ్లు పెట్టడానికి తాబేళ్లు ఏ తేదీకి వస్తాయి? రైలు టికెట్లు ముందే తీసుకోవాలి కదా.
— విజయనగరం

తేదీ చెప్పేవాణ్ని నమ్మకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అనగలం, అంతే. గాలి, ఇసుక తీరు వాటికి నచ్చాలి, కొన్నేళ్లు గుంపులుగా రానే రావు. పొడంపేట, గోఖర్‌కుడా వైపు ఊళ్లలో వాళ్లకి ముందుగా తెలుస్తుంది. అటవీశాఖ వాళ్లు చెప్పినట్టు వినండి, టార్చి, ఫ్లాష్ వేయొద్దు. గుడ్లు పెట్టిన నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి, అదీ చూడదగ్గదే. టికెట్టు తీసుకునేటప్పుడు స్టేషను పేరు బ్రహ్మపూర్ అని వెతకండి, బరంపురం అని కొడితే దొరకదు.

మొహమాటం లేకుండా అడుగుతున్నా, ఎంత మిగులుతుంది?
— జయపురం

మొహమాటం లేకుండానే చెబుతా తమ్ముడూ. ఇన్ని ఊళ్లకి ఇంత అని ఏకమొత్తంగా ఇస్తారు. బస్సు, గది, తిండి, ఫోను రీచార్జి అన్నీ దాంట్లోంచే. రాయల్టీ లేదు, రాసినది సంస్థదే. ఇందులో తిరకాసు ఏంటంటే, తొందరగా ముగించినవాడికి ఎక్కువ మిగులుతుంది, ఒక్కో లాడ్జీ ఎక్కి దిగి కుళాయి తిప్పి చూసేవాడికి తక్కువ మిగులుతుంది. అంటే పని ఎంత బాగా చేస్తే జేబుకి అంత చిల్లు. సంస్థలకి ఇది తెలియదా అంటే బాగా తెలుసు. 2020లో లాక్‌డౌన్ వచ్చాక ఆ పనీ ఆగిపోయి, ఒడియా నుంచి తెలుగులోకి అనువాదాలు చేసుకుని బండి లాగించాను. ఇప్పటికీ ఇంటి ఖర్చులకి ఆ అనువాదాలే ఆధారం. ఉద్యోగం వదిలేసి ఈ పనిలోకి దూకుదామని ఉంటే దూకకు, సెలవుల్లో ఒక జిల్లా చేసి చూడు.

పుస్తకం అచ్చయ్యేసరికే సమాచారం పాతబడిపోతుంది. ఇంకా గైడ్‌బుక్కులు ఎందుకండీ?
— శ్రీకాకుళం

పాతబడుతుంది, ఒప్పుకుంటాను. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రాలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అరకు విశాఖపట్నం జిల్లాలోంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, సాలూరు విజయనగరంలోంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయాయి. సరిహద్దు పేజీలన్నీ మళ్లీ దిద్దాల్సొచ్చింది. ఇక కోటియా గ్రామాలైతే ఒడిశావా ఆంధ్రావా అన్న వివాదం కోర్టులో ఉంది, మ్యాపులో గీత ఎక్కడ గీయాలన్నది మా తలనొప్పి. నేను అటు పొట్టంగి నుంచి ఎలా వెళ్లాలో, ఇటు సాలూరు నుంచి ఎలా వెళ్లాలో రాసి ఊరుకుంటాను.

ఎందుకూ అంటే, కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి గారు 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి కాశీ వెళ్లి, జగన్నాథం, గంజాం మీదుగా మన తీరం వెంబడే దిగి 1831 సెప్టెంబరుకి ఇల్లు చేరారు. దారిలో ప్రతి మజిలీలో దిగడానికి చోటుందా, నీళ్లెలా ఉన్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి అని రాసుకుంటూ వచ్చారు. ఆయన రాసిన సత్రాల్లో ఇవాళ ఎవరూ దిగరు, కానీ అప్పట్లో బరంపురం దారిలో మనిషి ఎలా ప్రయాణం చేశాడో తెలిసేది వాటివల్లే. నేను రాసే బస్సు టైములకి అంత ఆయుష్షు లేదులెండి. ఈ సీజనుకి పనికొస్తే చాలు.

మా ఊరి దగ్గర కొండల్లో చక్కటి జలపాతం ఉంది, ఏ పుస్తకంలోనూ లేదు. మీరు రాస్తారా?
— గుణుపురం నుంచి ఒక పాఠకుడు

రాస్తానో లేదో వచ్చి చూశాకే చెబుతా. ముందు నాకు ఇవి పంపండి: మెయిన్ రోడ్డు నుంచి ఎంత నడవాలి, వానాకాలంలో దారిలో వాగు దాటాలా, వేసవిలో నీళ్లుంటాయా, దగ్గర్లో టీ కొట్టైనా ఉందా. ఊళ్లోవాళ్లకి బయటివాళ్లు రావడం ఇష్టమేనా అన్నది కూడా అడిగి చెప్పండి, ఇష్టం లేదంటే రాయను. జలపాతం ఫోటోలు వద్దు, ఇప్పటికే ఫోను నిండా అవే. ఆఖరి బస్సు ఎన్నింటికో కండక్టర్ని అడిగి రాయండి.